ఫెయిలైన దారుల కోసం ప్రార్థన

ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేయడమంటే మా వెలిగండ్ల వైపు ఎవరికీ నమ్మకం కుదిరేది కాదు. పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, మళ్లీ అదే మంచం మీద కూర్చునే పిల్లను ఉద్యోగస్తురాలని ఎట్ల అంటారు చెప్పండి? నేను చిప్పులు డిజైన్ చేసే కంపెనీలో కొత్తగా చేరినాను, ఇంకా పర్మనెంటు కాలేదు. చిప్పు లోపల సిగ్నళ్లు ఒక చోటు నుంచి ఇంకో చోటికి టైముకు చేరుతున్నాయా లేదా అని చూడటం నా పని. ఆలస్యమైతే ఆ దారి ఫెయిలైనట్టు, మరీ ముందొచ్చినా ఫెయిలే. (ఇదంతా శ్రద్ధగా విని మా నాయన, "అంటే మార్కాపురం బస్టాండులో కంట్రోలర్ పనా పాపా?" అన్నాడు. అట్లాంటిదే నాయనా అన్నాను.)

ఒకరోజు స్నేహితురాలికి ఫోన్ చేసి, నావన్నీ ఫెయిలవుతున్నాయే, ఎంత చేసినా పాస్ కావట్లేదు, ఇట్లయితే ఉద్యోగం ఉంచరు అని వాపోయినాను. కంది చేలో కూలికి పోయి అప్పుడే వచ్చిన అమ్మ చెవిన ఆ మాట పడింది. ఏనాడూ ఏ పరీక్షా తప్పని బిడ్డ. నన్నొక్క మాట అడగకుండా నేరుగా పాస్టరమ్మ దగ్గరికి పోయింది.

మర్నాడు ల్యాప్‌టాప్‌లో మీటింగు. ఆ దారులు బాగుచేయగలనో లేదో నేను చెప్పాలి, లేకుంటే పని ఇంకొకరికి పోతుంది. నెట్ సిగ్నల్ వసారాలోనే వస్తుంది కాబట్టి అక్కడే కూర్చున్నాను. నోరు తెరిచేసరికి పాస్టరమ్మ, వెనకాల నలుగురైదుగురు అక్కలు, వాళ్ల వెనక అమ్మ. "వందనాలు పాపా" అని పాస్టరమ్మ నా నెత్తిన చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. మైకు ఆపుదామంటే అటొకరు ఇటొకరు నా చేతులు పట్టుకున్నారు.

"తండ్రీ, ఈ బిడ్డ దారులు ఫెయిలైనాయి. నీకు చేతగానిది లేదు. ఒక్కొక్క దారినీ నువ్వే పాస్ చేయి."

అందరూ ఆమెన్ అన్నారు. అవతల మీటింగులో అందరికీ వినబడింది. మా టీమ్ లీడ్ సారు కన్నడాయనే గానీ తెలుగు బాగా తెలుసు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ముందొచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి కదా," అన్నాడాయన మెల్లగా. "వాటికి కూడా ఒక మాట చెప్పమనమ్మా."

పాస్టరమ్మ నిజంగానే ఇంకో మాట చెప్పింది. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను. ఆ నవ్వుతో భయం కూడా పోయినట్టుంది, చిప్పులో దూరంగా ఉన్న రెండు బ్లాకులను దగ్గరికి జరిపితే, దారి తగ్గి, సరిపోతుందని గడగడా చెప్పేసినాను. చేసి చూడమన్నాడు. చాలావరకు పాసైనాయి. మొండికేసినవాటిని సారు నా పక్కనుండి సరిచేయించినాడు. ఉద్యోగం నిలిచింది. ఆదివారం అమ్మ చర్చిలో లేచి, దేవుడే నా దారులు పాస్ చేసినాడని సాక్ష్యం చెబుతుంటే నేను చున్నీలో మొహం దాచుకున్నాను.

మీటింగైన ఆ సాయంత్రమంతా, వసారా తలుపెందుకు వేసుకోలేదా అని తనను తానే తిట్టుకున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇప్పుడు నా మీటింగులకు అద్దాల గది ఉంది, తలుపు దానంతటదే మూసుకుంటుంది. అడగకుండా లోపలికొచ్చి నెత్తిన చెయ్యి పెట్టేవాళ్లే ఎవరూ లేరు.