హెజిటేట్ నేర్పిన పోస్టుమాస్టరు గారు

మా వీధిలో ఉండే రిటైరైన పోస్టుమాస్టరు గారు మొన్న ఉదయం పోయారు. నేను పనిచేసే బెల్లం కొట్టులో చిట్టా రాసుకుంటుండగా కబురు వచ్చింది. నేను ఆయన అరుగెక్కి రెండేళ్ళు దాటింది. మొన్న ఎక్కాను.

నేను బడిలో చదివింది తక్కువ. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయంటే ఆయన పెట్టిన భిక్షే. చూపు మందగించాక రోజూ పొద్దున్నే నా చేత ఇంగ్లీషు పేపరు చదివించుకునేవారు. తెలియని మాట దాటేస్తే నోట్లోంచి చుట్ట తీసి, "ఒరే బాబూ, మాట మీంచి బండి తోలెయ్యకు, దిగి సూడు" అనేవారు.

అలా ఒకనాడు 'హెజిటేట్' దగ్గర దిగాను.

"ఇష్టం లేనోడు రెఫ్యూజ్ అనేస్తాడు, అయిపోయింది. సెయ్యాలని తెలిసీ కాలు ముందుకి పడనోడే హెజిటేట్ చేస్తాడు. దాని ఎనకాల 'టు' పెట్టి, ఏ పనికి జంకుతన్నాడో అది సెప్పాల" అని పది వాక్యాలు రాయించారు.

తరవాత విశాఖపట్నంలో ఒక ఎగుమతుల ఆఫీసులో గుమస్తా ఉద్యోగం ఉందని తెలిసింది. పెద్దమనిషి ఎవరైనా ఇంగ్లీషులో రాసిన సిఫారసు ఉత్తరం తెమ్మన్నారు. కొట్టు నుంచి బయటపడడానికి నాకు దొరికిన ఒకే దారి అది. అడిగితే ఆయన కాగితానికి కళ్ళు ఆనించి తన చేత్తోనే రాసి, కవరు అంటించి ఇచ్చారు. ఒకరి పేర రాసిన ఉత్తరం మరొకరు విప్పకూడదని నేర్పింది కూడా ఆయనే. విప్పలేదు.

ఆఫీసులో మేనేజరు కవరు చించి, నా ఇంగ్లీషు చూద్దామనుకున్నారో ఏమో, "నువ్వే పైకి చదువు" అన్నారు. చదివాను. ఉత్తరంలో నా నిజాయితీని, చేతిరాతను మెచ్చుకున్నారు. చివర "ఐ హెజిటేట్ టు రికమెండ్ హిమ్" అని ఉంది.

"అర్థం తెలుసా?"

చెప్పాను. ఒక్క తప్పు లేకుండా చెప్పాను.

"ఇంగ్లీషు బాగానే వచ్చునే! మరి ఆయనకెందుకయ్యా సంకోచం?"

ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది.

సాయంత్రం బస్సు దిగి తిన్నగా ఆయన అరుగు దగ్గరికి వెళ్ళాను. "ఎందుకలా రాసేరండి?" అన్నాను.

ఆయన దాచలేదు. "నువ్వెళ్ళిపోతే నాకు పేపరెవుడు సదువుతాడ్రా? మంచోడివని రాసేను. పంపమని రాద్దామంటే సెయ్యాడలేదు. అబద్ధమైతే రాయలేదు కదేటి?" అని నవ్వబోయారు.

వెళ్ళొద్దు, ఉండిపో అని అడిగి ఉంటే ఉండిపోయేవాణ్ణేమో. అడగలేదు.

ఇవాళ కొట్టుకి వచ్చే ఇంగ్లీషు ఉత్తరాలన్నిటికీ జవాబు రాసేది నేనే. అది ఆయన చలవే. ఆ మాట ఆయనతో అనలేదు. ఆ సాయంత్రం తరవాత ఏ మాటా అనలేదు.

మొన్న అరుగు మీద ఆయన్ని పడుకోబెట్టిన చోట నిలబడితే నాకు ఆ సాయంత్రమే కనిపించింది. చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి, వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి చూశాను. ఆయన నేను అంతసేపూ నిలబడిన చోటుకే ముఖం పెట్టి, చేతులు తిప్పుతూ ఇంకా ఏదో చెబుతున్నారు.