జుట్టుకోడి క్షవరం

మా ఎదురింటి అక్కయ్యగారు పోయారన్న కబురు నాకు బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర, ఆటోలో ఉండగా, ఫోన్లో అందింది. భవానీపురంలో మా వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. దాని కింద వరసగా దండాలు. మధ్యలో ఒకాయన, పైన ఏముందో చూడకుండా, గులాబీ పువ్వుతో శుభోదయం చెప్పాడు. ఆవిడ చూసుంటే నవ్వేవారు.

ఆవిడ నాకు చుట్టం కాదు. పుట్టిందీ మెట్టిందీ నేత కుటుంబాల్లో. నేను ఆటోనగర్‌లో బేరింగులు అమ్మినవాణ్ని. మా ఇద్దరినీ కలిపింది ఒక కోడి.

షాపుకొచ్చే లారీ డ్రైవరొకాయన ఇచ్చాడు దాన్ని. ఒళ్లంతా నలుపు, నెత్తిన మాత్రం పెద్ద చామంతి పువ్వంత తెల్లజుట్టు. ఈ జాతి కోళ్లకు పుర్రె మీదే ఒక బుడిపె ఉంటుందనీ, జుట్టు దానిమీంచే లేస్తుందనీ తర్వాతెక్కడో చదివాను. చెబితే అక్కయ్యగారు నమ్మలేదు. వేలితో నొక్కి చూసి, “ఉంది తమ్ముడూ. చదువుకున్నోడివే,” అన్నారు. పదో తరగతి తప్పిన నన్ను ఆ మాట అన్నది ఆవిడొక్కరే.

ఇంతకీ కోడి సంగతి. జుట్టు పెరిగి కళ్లమీద పడేసరికి గోడలకు కొట్టుకోవడం, పళ్లెం పక్కనుంటే వట్టి నేలను పొడవడం మొదలెట్టింది. గుడ్డిదైపోయిందనుకున్నాం. నాకు డాక్టరు రాసిచ్చిన చుక్కల మందు దానికీ రెండు రోజులు వేశాను. చుక్కలన్నీ ఈకలమీదే పడి ఉంటాయని ఇప్పుడు అనుమానం.

“తిండిలేక చచ్చేదాకా చూస్తారా? ఆదివారం కూర వండేస్తాను,” అంది మా ఆవిడ.

ఆ గొంతు వీధి దాటింది కాబోలు, అక్కయ్యగారు గుమ్మంలోంచి పిలిచారు. “ఇలా తే తమ్ముడూ. ముందు దాన్ని చూడనియ్యండి, తర్వాత తిందురుగాని.” జుట్టు పైకెత్తితే కింద గుండ్రటి కన్ను నిగనిగలాడుతోంది. కోడలిని కత్తెర తెమ్మన్నారు.

“ఇవాళ మంగళవారమండీ అత్తయ్యగారూ. జుట్టు తీయకూడదు కదా.”

“జుట్టెక్కడిదే దీనికి? ఈకలు. మగ్గం మీద అడ్డమొచ్చిన పోగు తీయడానికి మేమెప్పుడైనా వారం చూశామా?”

కోడిని ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క ఈకా విడదీసి, కిటికీ వెలుగుకు పట్టి చూశారు. కొన్ని కత్తిరించారు, కొన్ని వదిలేశారు. ఎందుకలా అంటే, “చూస్తుంటే నీకే తెలుస్తుందిలే,” అన్నారు. ఆ తర్వాత ఏటా ఇదే తంతు. వెలుగుకు పట్టి చూడడం, బట్టలో పోగు తప్పిందేమో వెతికే నేతవాళ్ల అలవాటు కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దారినపోయేవాణ్ని ఆపి మరీ వివరాలడిగే నేను, ఆవిణ్ని రెండోసారి అడగలేదు.

ఆవిడ పోయి నెల దాటింది. కోడికి ఈకలు రాలి కొత్తవి వచ్చాయి, మళ్లీ కళ్లు మూసేశాయి. రెండు రోజులుగా గింజ ముట్టలేదు. ఇక తప్పక నేనే కత్తెర పట్టాను. మా ఆవిడ కోడిని పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

మొదటి ఈక వెలుగుకు పట్టాను. కాడ తెల్లగా, బోలుగా, ఎండుగడ్డిలా ఉంది. కత్తిరించాను. అలా ఓ పదిదాకా అయ్యాక ఇంకొకటి పట్టుకున్నాను. దాని కాడలో, కుదురు నుంచి పైకి, సన్నటి ఎర్రని గీత. నెత్తురు. కత్తెర అక్కడే ఆగిపోయింది. కోసి ఉంటే ఎంత కారేదో.

“అదొక్కటీ వదిలేశారేం? కంటికడ్డంగానే ఉందిగా,” అంది మా ఆవిడ.

“అదింకా పెరుగుతోందే,” అన్నాను.

కోడి కిందికి దిగి, ఒకసారి తల విదిలించి, సరాసరి పళ్లెం దగ్గరికి నడిచింది. అది గింజ పొడిచినప్పుడల్లా ఆ ఒక్క తెల్లటి ఈకా దాని కుడికన్ను ముందు ఊగుతూ ఉంది.