ముక్కు మూసుకుని కొలిచిన సందు

పాతపేట వీధుల పేర్లూ వర్ణనలూ రాసుకు రమ్మని ఆఫీసు పంపిన గుమాస్తాకి ఆ పేటంటే ఒళ్లుమంట. ఇరవై రెండేళ్ల కొలువులో ఆయన సంపాదించుకున్నది ఒక గొడుగూ, దేన్ని చూసినా పెదవి విరిచే అలవాటూ. ఆ వారమంతా పెదవి విరిగే ఉంది. ఒక వీధికి ‘వంకర. చెప్పుకోదగ్గదేమీ లేదు’ అనీ, ఇంకోదానికి ‘ఇరుకు. జనానికి వాగుడెక్కువ’ అనీ దస్త్రంలో గీకి పారేశాడు.

తను పుట్టిందీ ఆ పేటలోనే అని ఆఫీసులో చెప్పలేదు. అడిగినవాళ్లకి “పెద్దరోడ్డు వైపు” అని గాల్లో చెయ్యి ఊపేవాడు.

నియమం ఒకటుంది. రాసేవాడి అంగలతో యాభైకి తగ్గిన సందుకి సొంత పేరుండదు, పక్క వీధిలో కలిపెయ్యాలి. ఐదో రోజు సానరాళ్ల సందు వచ్చింది. అక్కడే ఆయన అక్క బట్టలు కుడుతుంది. ఆ గుమ్మం వైపు చూడకుండా, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, గుంటల మీంచి కొంగలా పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ పోయాడు. నలభై ఒకటి. ‘మురుగుకాలువ వీధిలో కలపవచ్చు. నివాసులు అల్పులు’ అని రాశాడు.

“ఏరా, అక్క గుమ్మం కంటికి ఆనలేదా?”

“పనిలో ఉన్నానక్కా.”

ఆవిడ దస్త్రం లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివింది. “మురుగుకాలువ వీధికొచ్చి పెళ్లిబట్టలెవరు కుట్టించుకుంటారురా? కుట్టు మానేసి రుమాళ్లు అమ్ముకోనా, నీలాంటివాళ్లకి?”

“కొలిచింది కొలిచినట్టు రాశాను.”

“ఆయన కొలిచాడా?” అన్నాడు ఎదురింటి సానవాడు, సానపడుతున్న కత్తి పక్కన పెట్టి. “కుక్క తరిమిందనుకున్నానే.”

అక్క చెయ్యి చాపింది. “పట్టుకో. నాకు మోకాళ్లనొప్పి. నీకు నడక నేర్పింది ఈ సందులోనే. మర్చిపోయినట్టున్నావు.”

ఒక చేతిలో దస్త్రం, ఇంకో చేతిలో అక్క. రుమాలుకి చెయ్యి మిగల్లేదు. తడిసిన ఇనుము వాసన పీలుస్తూ, సానవాడు పైకి లెక్కపెడుతుంటే, చివరిదాకా నడిచాడు. అరవై మూడు.

అంకె కొట్టేస్తే కారణం రాయాలి. సాక్షి ఎవరో, తనకేమవుతారో కూడా రాయాలి. అక్కడ కలం ఆగింది.

“రాయి,” అంది అక్క.

రాశాడు. ‘మొదటిసారి తొందరలో నడవడమైనది. సాక్షి: రాసేవాడి అక్క, ఈ సందు నివాసి.’ తర్వాత ‘అల్పులు’ మీదికి కలం పోతుంటే అక్క ఆపింది.

“అది ఉండనీ. నువ్వూ ఇక్కడివాడివే కదా, ఒక్కడికైనా సరిపోతుంది.”

సోమవారం పై అధికారి ఆ పేజీలో సాక్షి గురించి రాసిన వరస మీద వేలు ఆనించి చదివాడు. సానరాళ్ల సందు పేరు పక్కన సంతకం పెట్టి తలెత్తాడు.

“పెద్దరోడ్డు వైపన్నారు?”

గుమాస్తా గొడుగు సర్దుకున్నాడు. “ఆ రోడ్డుకి ఈ సందులోంచే వెళ్లాలండి.”