జబ్బు లేనివాళ్ళ వెంట

కొడకండ్ల దగ్గర పత్తి పండించుకునే ఒకాయన పెద్దపేగులో నుంచి క్యాన్సర్ గడ్డ తీశాను. ఆయనకు ఇంకా నలభై నిండలేదు. కాస్త తేరుకున్నాక, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది వచ్చిందా అని అడిగాను.

"మా నాయినకు మొలలుండె మేడం. నెత్తురు పడీ పడీ నా ఈడుకే పోయిండు. మా నాయిన అన్న, పెద్దబాపు గూడ గట్లనే."

మొలలతో మనుషులు అలా పోరు. చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సర్ వచ్చే కుటుంబాల మీదే నా పరిశోధన. ఆయన రక్తం పరీక్ష చేయిస్తే, వంశంలో దిగివచ్చే లోపం ఉన్నట్టు తేలింది. తోడబుట్టినవాళ్ళకూ ఉండవచ్చు. తమ్ముడు భూపాలపల్లిలో, చెల్లెలు మహబూబాబాద్‌లో ఉంటారు. ఇద్దరికీ ఏ బాధా లేదు.

అదే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. నొప్పితో వచ్చినవాళ్ళకు ఏం చేయాలో నాకు తెలుసు. హాయిగా తిని తిరుగుతున్నవాళ్ళకు ఏమని చెప్పను? జనగామలో అమ్మ దగ్గరికి వెళ్ళినా ఫోన్ పట్టుకుని వాకిట్లో తిరుగుతూనే ఉండేదాన్ని.

"కాలు గాలిన పిల్లి లెక్క గా తిరుగుడేందే? జర కూసోని తిను" అనేది అమ్మ.

ఆయన తమ్ముడు నా ఫోన్ కట్ చేస్తుంటే, ఒక ఆదివారం భూపాలపల్లి వెళ్ళాను. బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. అప్పుడే డ్యూటీ దిగి అన్నం తింటున్నాడు.

"మంచిగున్నోనికి పరీక్షలేంది మేడం? లేని బీమారి మీరే అంటగట్టెటట్టున్నరు."

నేను నోరు తెరిచేలోపే అతని భార్య అందుకుంది. "మామ ఎట్ల పోయిండో మర్సినవా? మేడం, నేను తోల్కొస్త."

తీసుకొచ్చింది కూడా. అతని రక్తంలో ఆ లోపం లేదు. "నేను ముందుగాలనే చెప్పలేదా!" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు సగం బరువు దిగింది.

చెల్లెలు మహబూబాబాద్‌లో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె మారుమాట లేకుండా రక్తం ఇచ్చింది. ఆమెలో లోపం ఉంది. ఇక పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడాలి. ఆ మాట చెప్పడానికి వెళితే మిషన్ ఆపకుండానే జవాబిచ్చింది.

"గా గొట్టం ఎక్కడికెళ్ళి లోపలికి పెడ్తరో నాకెరుకే. సచ్చినా రాను."

"నేనే చేస్త. నర్సమ్మ, నువ్వు, నేను. మొగోళ్ళెవ్వరు ఉండరు."

పంటితో దారం తెంపి "సూస్త" అంది.

వారాలు గడిచాయి. ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నంతసేపే నా మనసు నిలకడగా ఉండేది. చేతులు కడుక్కోగానే మళ్ళీ ఆమె గుర్తొచ్చేది. బలవంతం చేయలేను, వదిలేయలేను.

ఒక ఉదయం ఆమే వచ్చింది, అన్నతో కలిసి. కీమో మందులతో ఆయన బాగా చిక్కిపోయాడు.

"అన్న బస్సెక్కి మా ఇంటికొచ్చిండు మేడం" అందామె. "ఏం చెప్పలే. అంగీ ఇప్పి కడుపు మీది కోత సూపెట్టిండు. గంతే. నాకు బువ్వ మింగుడు పడలే."

ఆమె పేగులో, కుడివైపు, శనగగింజంత బుడిపె కనిపించింది. అక్కడికక్కడే తీసేశాను. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. అలాగే వదిలేస్తే అయ్యేది.

విషయం చెబితే అన్నాచెల్లెళ్ళిద్దరూ ఏడ్చారు. ముందు తేరుకున్నది ఆమే. కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"మరి నా బిడ్డకో?"

కూతురు ఇంటర్ చదువుతోంది. ఇప్పుడే తొందర లేదని, ఇంకాస్త పెద్దయ్యాక రక్తం పరీక్ష చేద్దామని చెప్పాను.

"గప్పటిదాంక నేనెట్లుండాలె మేడం?"

వచ్చే ఏడు ఆమె మళ్ళీ పరీక్షకు రావలసిన తేదీ చీటీ మీద రాసి చేతిలో పెట్టాను.

ఆమె ఏటా పరీక్షకు వస్తోంది. బాగుంది. అన్న మళ్ళీ పత్తి చేలోకి దిగాడు. ఈమధ్య పాలకుర్తి వైపు నుంచి ఒక యువకుడు వచ్చాడు, అదే గడ్డతో. అతనికి ముగ్గురు అక్కలట.