అక్క చెయ్యి పడని బ్రెడ్డు

బస్టాండు ఎదుట రెండో కొట్టు తెరిచే రోజున బేకరీ అక్క కోడి కంటే ముందే లేచి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. సంతోషం పట్టలేకపోతే ఆమె అంతే. తను కూర్చోదు, కూర్చున్నవాళ్లను చూసి ఓర్వలేదు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారు కాబట్టి మనమూ అలాగే పిలుచుకుందాం.

ఈ కొట్టు అసలు ఎప్పుడో తెరవాల్సింది. ఆ గది అద్దెకు తీసుకుంటానని దాని ఓనరుకి అక్క రెండుసార్లు మాటిచ్చి రెండుసార్లూ వెనక్కి తగ్గింది. ఎందుకని అడిగితే ఒకటే పాట, "నేను అక్కడ కూర్చుంటే ఇక్కడ పిండి ఎవరు చూస్తారు?" పిండి చూడటానికి మాస్టరు ఉన్నాడు, బేకరీ పెట్టిన రోజు నుంచీ ఉన్నాడు. కానీ చూడటమంటే ఆమె దృష్టిలో చెయ్యి పెట్టడం. ప్యాకింగు వదిన కట్టిన ముడి విప్పి మళ్లీ కడుతుంది. ఊడ్చిన గదిలో ఒక మూల తను ఊడిస్తే గానీ ఆమెకు మనసొప్పదు. ఇక అసలు రహస్యం ఉప్పు. పిండి సగం కలిశాక మాస్టరు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తాడు. ఆ కాస్త సమయంలో అక్క పిల్లిలా వచ్చి, తొట్టిలోకి ఒక గుప్పెడు ఉప్పు జల్లి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతుంది. మాస్టరు ఉప్పు తక్కువ వేస్తాడని ఆమె గట్టి నమ్మకం. ఆ సంగతి తనకు తప్ప మూడో కంటికి తెలియదనేది అంతకన్నా గట్టి నమ్మకం.

వ్యాను నడిపే తమ్ముడికి మాత్రం అక్క సంగతి కొంత తెలుసు.

"ఈసారి కూడా వెనక్కి తగ్గావంటే ఓనరు ఆ గది చెప్పుల కొట్టుకి ఇచ్చేస్తాడట. అందరి ముందూ చెప్పేశాడు," అన్నాడు ముందురోజు. "ఇక మనం ఈ జన్మలో రెండో కొట్టు పెట్టబోం. నా మాట విని రేపు ఒక్కరోజు పిండిగదిలో చెయ్యి పెట్టకు."

"పెట్టనురా బాబూ. నా చెయ్యేమైనా అక్కడ అతుక్కుపోయిందా?"

అతుక్కునే పోయింది. పొద్దున్నే తాళాల కోసం పిండిగదిలోంచి వెళ్తుంటే మాస్టరు అలవాటు ప్రకారం చేతులు కడుక్కోవడానికి లేచాడు. తొట్టి, పక్కనే ఉప్పు డబ్బా, గదిలో ఎవరూ లేరు. అక్క చేతులు దురద పెట్టాయి. పంటి బిగువున గోడ వైపు తల తిప్పుకుని, తాళాలు తీసుకుని బయటపడింది. తన నిగ్రహానికి తనే పొంగిపోయింది. తమ్ముడికిచ్చిన మాట గురించి మాస్టరుకి ఒక ముక్క చెప్పాలని మాత్రం ఆమెకు తట్టలేదు. ఓనర్లకి అలాంటివి తట్టవు.

కొత్త కొట్టులో ఇంకా రంగు వాసన పోలేదు. అద్దాల బీరువాలో దీపం వేసి చూసుకుని, ఆర్పి, మళ్లీ వేసి చూసుకుంది. వ్యాను వచ్చి ట్రేలు దించగానే ఒక్కొక్కటీ వంగి చూసుకుంది. బ్రెడ్డు ఎప్పుడూ లేనంతగా పొంగింది. ఒక్కొక్కటీ అచ్చు దాటి పైకి లేచి, ఎర్రగా, నొక్కితే తిరిగి లేచేంత మెత్తగా ఉంది.

"చూశావా, నీ చెయ్యి పడకపోతేనే బాగా వచ్చింది," అన్నాడు తమ్ముడు.

ఆ మాట ఆమెను కొంచెం గిల్లింది గానీ, ఆ క్షణంలో ఏదీ పట్టించుకునే స్థితిలో లేదు. బస్సు దిగినవాళ్లు దిగినట్టే వస్తున్నారు. అక్క గాల్లో తేలిపోతోంది. మూడో కొట్టు ఎక్కడ పెట్టాలో కూడా ఒక ఆలోచన చేసేసింది.

అంతలో, మొదట్లోనే బ్రెడ్డు కొన్న బస్సు కండక్టరు కాగితం పొట్లంతో తిరిగొచ్చాడు.

"అక్కా, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ నోట్లో పెడితే ఏమీ లేదేంటి?"

ఆమె ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. చప్పగా ఉంది. చప్పదనమంటే మామూలు చప్పదనం కాదు, దూది నమిలినట్టు. మరుక్షణం కోపం నషాళానికెక్కింది.

"అమ్మడం ఆపు. నేనిప్పుడే వస్తా," అని తమ్ముడితో చెప్పి బేకరీకి మధ్యనున్న రెండు వీధులూ పరుగులాంటి నడకతో దాటింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే ఆలోచన. నేను ముందే అనుకున్నాను, నేను లేకపోతే అంతే, ఆ గది చెప్పుల కొట్టుకే పోనీ.

పిండిగదిలోకి వస్తూనే ఒంటికాలి మీద లేచింది. "మాస్టరూ, ఉప్పెందుకు వేయలేదు?"

రెండో వాయి పిండి కలుపుతున్న మాస్టరు తలెత్తాడు. "నా వంతు వేశానక్కా. మీ వంతు మీరు వేయలేదా?"

"నా వంతేంటి?"

మాస్టరు ఇబ్బందిగా నేల వైపు చూశాడు. "పిండి మధ్యలో ఎవరైనా చేతులు కడుక్కోవడానికి లేస్తారా అక్కా? మీరు వేసుకుంటారనే లేస్తాను. మీరు వేస్తారు కాబట్టి ఆ మేరకు నేను తగ్గిస్తాను. మొదట్లో తగ్గించకపోతే బ్రెడ్డు నోట పెట్టలేనంత ఉప్పగా అయింది, గుర్తులేదా?"

ఇక బట్టీ దగ్గరున్న మనిషికీ ధైర్యం వచ్చింది. "నేనూ ట్రేలు కాస్త ముందే తీస్తాను. మీరెలాగూ ఇంకాసేపు పెట్టమంటారు కదా. ఇవాళ మీరు లేరు, నాకే భయమేసి మళ్లీ లోపలికి తోశాను."

"నేనైతే ముడి వదులుగానే వేస్తాను," అంది ప్యాకింగు వదిన. "బిగించి కడితే విప్పేటప్పుడు మీ గోళ్లు విరుగుతాయని."

అక్క పిండి బస్తా మీద కూలబడింది. తను ఇన్నాళ్లూ దిద్దిన తప్పులన్నీ తను దిద్దుతుంది కాబట్టే పుట్టినవి. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"సరే, అయిందేదో అయింది. మొత్తం ఉప్పు ఎంతో చెప్పు, అంతా నువ్వే వేసెయ్," అంది చివరికి.

"మొత్తం ఎంతో నాకేం తెలుసు? నా సగమే నాకు తెలుసు. మీ సగం మీరే చెప్పాలి."

ఆమె తన గుప్పిటి వంక చూసుకుంది. ఎంతని చెప్పడం? ఊరంతా ఇష్టంగా తినే ఆ బ్రెడ్డుని మొదటి నుంచి చివరి దాకా చేయడం ఆ బేకరీలో ఒక్కరికీ రాదు. ఆమెకూ రాదు. ఆ సంగతి తెలిసి అక్క నిజంగా భయపడింది.

మాస్టరే త్రాసు తెచ్చాడు. తన వంతు ఉప్పు తూచి పక్కన పెట్టాడు. అక్క ఒక గుప్పెడు తీసి తూచింది. సరిచూసుకుందామని మళ్లీ తీస్తే ఎక్కువొచ్చింది. ఇంకోసారి తీస్తే మొదటిదానికన్నా తక్కువొచ్చింది. ప్యాకింగు వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి అక్కకే నవ్వొచ్చేసింది, ఆ నవ్వు అందరికీ అంటుకుంది.

"మధ్యరకంగా వేద్దాం," అని మాస్టరు రెండు వంతులూ కలిపి తొట్టిలో వేసి కలపడం మొదలుపెట్టాడు. అక్క లేచి తొట్టి దగ్గరికి నడిచింది. చెయ్యి దానంతట అదే ముందుకెళ్లింది.

"అక్కా, మీరు బయటికెళ్లండి."

మాస్టరు ఆమెతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. అతని చేతులు పిండిలో ఆగిపోయాయి గానీ కళ్లు దించలేదు. "కొట్టు దగ్గర జనం ఉన్నారు. ఇక్కడ నేనున్నాను," అన్నాడు మళ్లీ, ఈసారి మెల్లగా.

అక్క కదిలింది. వీధిలోకి వచ్చాక ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండుసార్లు వెనక్కి తిరగబోయి, రెండుసార్లూ తనను తను తిట్టుకుని ముందుకే నడిచింది.

రెండో వాయి కొత్త కొట్టుకు చేరేసరికి కండక్టరు తర్వాతి ట్రిప్పు ముగించుకుని వచ్చాడు. ముందు తను ఒక ముక్క తిని చూద్దామని అక్క ప్రాణం కొట్టుకుంది. తినలేదు. ఒక బ్రెడ్డు తీసి అతని చేతికే ఇచ్చింది. అతను అక్కడే పొట్లం విప్పాడు. ఒక ముక్క తిన్నాడు, ఇంకో ముక్క తిన్నాడు, ఇంకో బ్రెడ్డు కట్టమన్నాడు.

"ఇదీ రుచంటే," అన్నాడు. "ఈసారి మీరు దగ్గరుండి చేయించినట్టున్నారు."

ఎప్పటిలా ఔనని తలూపితే సరిపోయేది. అక్క వరుసలో చివరివాడికి కూడా వినపడేలా గొంతు పెంచింది.

"లేదండీ. నన్ను బయటికి పంపించేసి మా మాస్టరు చేశాడు."