సముద్రమా, నదా?

పాత పుస్తకం తెరవగానే ఎండిన వేపాకు వాసన తగిలింది. జలీల్ మాస్టారి వీధి అరుగు కళ్ళముందుకొచ్చింది. పురుగు పట్టకుండా ఆయన ప్రతి పుస్తకంలోనూ వేపాకు పెట్టేవారు.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో నేను శ్రీకాకుళంలో చరిత్ర లెక్చరర్‌గా చేరిన కొత్త. ఆయన రిటైరైన ఉర్దూ మాస్టారు, అరబ్బీ కూడా బాగా వచ్చు. వందల ఏళ్ళనాటి ఒక అరబ్బు చరిత్ర గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం నా చేతికొచ్చింది. అందులో సముద్రపు ఒడ్డున ఏనుగులున్న రాజ్యం గురించి ఒక వాక్యం ఉంది. అది మన కళింగ తీరమేనని వ్యాసం రాసేశాను. ఊళ్ళోని సాహిత్య సంఘం వాళ్ళు సభ పెట్టి చదివిస్తామన్నారు, అచ్చు కూడా వేస్తామన్నారు. మూలంతో ఒకసారి సరిచూసుకుందామని మాస్టారి దగ్గరకు వెళ్ళాను.

ఆయన తన అరబ్బీ ప్రతిలో ఆ పంక్తి మీద వేలు పెట్టి రెండుసార్లు చదివారు.

“ఇక్కడ బహర్ అనున్నాదమ్మా. బహర్ అంటే సముద్రం. పెద్ద నదినీ అలాగే అంటారు. నైలు నదికీ ఇదే మాట.”

“అనువాదం చేసినాయన పండితుడు కదండీ?”

“పండితుడే. ఆయనకి సముద్రం అనిపించింది. నీకేమో సముద్రం కావాల. రాసినాయన ఏటి సెప్పాడో సూడొద్దా?”

నాకు కోపం వచ్చింది. “మన ఊరికి పేరొస్తే మీకిష్టం లేదా?” అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

“నేనూ ఈ ఊరోణ్ణే కదమ్మా,” అని ఆయన మొదటి పేజీకి తిప్పారు.

వారం రోజులు, సాయంత్రాలు, ఆ రచయిత బహర్ అన్న చోటల్లా వెతికాం. కొన్నిచోట్ల ఓడలు, ఉప్పునీళ్ళు. కొన్నిచోట్ల తాగే నీళ్ళు, పొలాలు. మా వాక్యం దగ్గర మాత్రం ఏనుగులు తప్ప ఇంకే ఆధారమూ లేదు. గెలవాలని మొదలుపెట్టినదాన్ని, మూడోరోజుకి ఆ సంగతే మరిచిపోయాను.

సభలో, అది సముద్రమో నదో తేల్చలేకపోయానని చదివాను. “తేల్సనప్పుడు మమ్మల్నెందుకు పిలిసినారు?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. వ్యాసం అచ్చు కాలేదు.

బయట మాస్టారు నాకోసం ఆగి ఉన్నారు.

“బాధగా ఉన్నాదా?”

“ఉందండీ.”

“ఉంటాది. రేపు రామ్మా, అక్షరాలతో మొదలెడదాం. ఇంకొకరి కళ్ళతో ఎన్నాళ్ళు సదువుతావు?”

రెండేళ్ళు ఆయన దగ్గర అరబ్బీ నేర్చుకున్నాను. పండితురాలినేమీ కాలేదు. కానీ ఇప్పుడు నేనే అరబ్బీ నుంచి అనువాదం చేస్తున్నప్పుడు నాకు నచ్చిన అర్థం మరీ సులువుగా దొరికితే, ఆ రోజుకి కలం పక్కన పెట్టేస్తాను. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి చదువుతాను.