ఎడ్లబండి అనుకుని...

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా వైపు ఊళ్లు ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులు. కంభం చెరువు నిండితే ఒడ్డునున్న ఊళ్లను కలుపుతూ ఒక నాటు పడవ తిరిగేది. పిన్నికి కొడుకు పుట్టాడని చూడ్డానికి అమ్మ, నాయన, నేను ఆ పడవ ఎక్కాము. మాతోపాటు ఇంకో ఎనిమిది మంది. ఎవరికీ ఈత రాదు.

రెండో ఊరు దాటాక కొండల మధ్య నుంచి గాలి లేచింది. అలలు పడవ ముందువైపు కొట్టి మమ్మల్ని తడిపేశాయి. నాయన జన్మంతా బండి తోలినవాడు. ఎడ్ల మెడ మీద బరువు పడితే ఏమనేవాడో అక్కడా అదే అరిచాడు.

"అందరూ ఎనక్కి జరగండి!"

అందరం ఒక్కసారిగా జరిగాము. పడవ వెనుక భాగం కుంగి, నీళ్లు లోపలికొచ్చి నా పిక్కలు మునిగాయి.

"ఇది ఎడ్లబండి గాదన్నా! ఎవురూ లెయ్యొద్దు, ఒక్కొక్కరే ముందుకు పాకండి!" అని పడవ నడిపే ఆయన కేకలేశాడు.

అమ్మ "యేసయ్యా, నా బిడ్డ" అంటూనే పిన్ని కోసం తెచ్చిన సున్నుండల డబ్బా చెరువులో బోర్లించి, దాంతోనే నీళ్లు తోడింది. ఆ ఉండలు మునిగిపోతుంటే, తర్వాత మేమే అనుకున్నాను.

ఎలాగో ఒడ్డు చేరాము. తిరిగి వచ్చేటప్పుడు నాయన పడవ మాటెత్తలేదు. చెరువు చుట్టూ నడిపించాడు.

ఆ తర్వాత బండి ముందువైపు ఎంత బరువైనా నాయన ఎవరినీ వెనక్కి జరగమనలేదు. తనే దిగి, ఎడ్ల పక్కన నడిచేవాడు.